నీడకు గీతలు

పొద్దున ఆరుంబావుకు మొదటి ఫెర్రీ నోరు తెరుస్తది.
నేను ఇనుప రేవు మీద నిలబడి
బొటనవేలితో లెక్క మిషను నొక్కుత.
టిక్కు. తెల్ల లాండ్‌క్రూజర్.
టిక్కు. నీళ్ల ట్యాంకరు.
టిక్కు. మేకలను మోసుకొచ్చిన పికప్.
మేకలకు కాగితంల గడి లేదు,
అవే నన్ను లెక్కవెట్టుకుంట దిగినయి.

ఓడలు బండ్లయితయి, బండ్లు ఓడలయితయి అని
మా రాయికల్ దిక్కు ఎవడన్న చెడిపోతే అంటరు.
అబుదాబీకి పడమట, ఆవగింజంత ఈ దీవిల
సామెతకు పెద్ద పని లేదు.
బండ్లే ఓడెక్కి వస్తయి,
దిగినంక ఆగేటందుకు జాగ దొరక్క
లంగరు తెగిన ఓడల లెక్క
ఊరంత తిరుగుతయి.

ఇంజనీరమ్మ మౌజా ఇక్కడి పిల్లే.
తాత ముత్యాలకు మునిగినోడు,
ఈమె కార్లకు ఒడ్డు వెతుకుతున్నది.
బల్ల మీద నక్షా పరిచింది:
బడి ముందర పావుగంట,
మసీదు ముందర నమాజంత సేపు,
చేపల మార్కెట్ కాడ ఇరవై నిమిషాలు,
రేవు కాడైతే రాత్రంత.
డెబ్బై రెండు గంటలు కదలకుంటే
ఎర్ర కాగితం అతికించుడు,
ఆ తర్వాత ఎత్తుకపోవుడు.

రాత్రుల్ల గీతలు కొట్టినం,
నేను, మొఫిజుల్, మోర్తాడ్ రాజలింగు.
పగలైతే తారు మెత్తబడి రంగును మింగుతది.
తాడు గుంజి, సుద్ద కొట్టి,
బండికి రెండున్నర మీటర్లు,
నాటేసేముందు మడికి గట్టు పెట్టినంత నీటుగ.

తెల్లారి చూస్తే
గీతల నడుమ ఒక్క బండి లేదు.
అన్నీ పోయి ఐస్ ఫ్యాక్టరీ గోడ పొంటి
ఒకదాని వెనుక ఒకటి మూతి పెట్టి
ఎండకు ఒదిగిన గొర్ల మంద.
బూ ఖల్ఫాన్ ముసలాయన తన పాత పికప్‌ల కూసోని
నా రంగు డబ్బా చూసి నవ్విండు:
"మీ కాగితం మీద పొద్దు పొడవదా బిడ్డా?"
పొద్దుగాల గోడకు పడమట, మాపటికి తూర్పున.
నలభై ఏండ్ల సంది ఆయన పాలసీ అదే.

మౌజాకు చెప్పిన. గుస్స అయితదనుకున్న.
ఆమె పెన్సిల్ చెవి మీదికెళ్లి తీసి
"ఏ గంటకు ఏ గోడ నీడ ఎంతో రాసుకొని రా" అన్నది.
తొమ్మిది దినాలు టేపు పట్టుకొని తిరిగిన.
జీతం తీసుకొని నీడను కొలిచినోడు
మా ఖాందాన్‌ల నేనే మొదలు.

ఆఖరి మీటింగుల, ఏసీ చల్లదనంల
"ఏమన్న మరిచినమా?" అని అందరినీ అడిగింది.
అడిగింది నన్ను కాదు. అయినా నోరాగలేదు.
"సైకిళ్లు, మేడం."

మా క్యాంపు వెనుక, జనరేటర్ కంచెకు
నలభై మూడు సైకిళ్లు.
ఫెర్రీ దిగుతుంటే చూసినోళ్లు లేరు,
నేను కూడ నొక్కలేదు టిక్కు.
ఎవరో కుర్చీల కదిలిండ్రు, ఎవరో టైము చూసుకున్నరు.
మౌజా మాత్రం అడిగింది,
"ఆ కంచె కాడ నీడ ఎప్పుడుంటది?"
"మూడు దాటినంక."
నక్షా మూలకు చిన్న డబ్బా గీసింది.
కొలత రాయలేదు.

ఎర్ర కాగితాల డ్యూటీ గూడ నాదే.
నిన్న రాత్రి టైర్లు లేని ట్యాంకరుకొకటి అతికించిన,
పడవ ట్రాలీకొకటి.
కంచె కాడికి వచ్చేసరికి
సీటుకు పాలిథిన్ కవరు కట్టిన సైకిల్.
వీసా ఖతమైన దినం గంగనర్సు
"చూస్తుండు, మళ్లొస్త" అని
చెవి నా చేతుల పెట్టిపోయిండు.
డెబ్బై రెండు గంటలు కాదు,
పదకొండు నెలలాయె.

కాగితం జేబుల పెట్టుకున్న.
చైనుకు నూనె పోసిన, గాలి కొట్టిన,
తాళం తీసి జానెడంత ముందుకు జరిపి
మళ్ల వేసిన.

రూలు రూలే.
కదిలిన బండికి లెక్క మళ్ల మొదటి నుంచి.
ఎల్లుండి రాత్రి ఇంకో జానెడు.